కాటా గది గుమాస్తా

ఆ కాటా గది మంచిది కాదని అందరూ చెప్పేవాళ్ళే. ఎందుకు మంచిది కాదో మాత్రం తలా ఒక రకంగా చెప్పేవాళ్ళు.

ఊరి నుంచి టౌనుకి పోయే మట్టిరోడ్డు పక్కన ఒకప్పుడు రాళ్ళ క్వారీ ఉండేది. అది మూతపడి చాలా ఏళ్ళయింది. రాళ్ళ బండ్లని తూకం వేసే గది ఒక్కటి మిగిలింది. తలుపు లేదు, సగం కప్పు లేదు. కాటా ఇనుమంతా పాత సామాన్లవాళ్ళు ఎప్పుడో పీక్కుపోయారు. మిగిలింది నాలుగు గోడలు, గుమ్మం ముందు ఒక రాతిబల్ల... ఇంకా, వాళ్ళ మాట నమ్మితే, గుమాస్తా.

ఈ గుమాస్తా బతికున్నన్నాళ్ళూ తూకంలో మోసం చేశాడట. రాయి మోసినవాళ్ళ కడుపు కొట్టి యజమాని జేబు నింపాడట. ఒక రాత్రి ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. అప్పటినుంచి నిజాయితీగా తూచడం మొదలుపెట్టాడు. బతికుండగా చెయ్యని పని చచ్చాక చేస్తున్నాడన్నమాట.

చీకటిపడ్డాక ఆ దారిన ఏ బండి పోయినా ఆపుతాడు. కేకెయ్యడు, ఎదురు రాడు... గాడిద దానంతటదే ఆగిపోతుంది. అదిలించినా కదలదు, పగ్గం గుంజినా కదలదు. ఆయన తూచేది బండిలోని సరుకుని కాదు — మీద కూర్చున్న మనిషిని. తూకం సరిపోతే గాడిద మళ్ళీ కదులుతుంది. తక్కువైతే...

తక్కువైతే ఏమవుతుందో చెప్పినవాళ్ళు లేరు. ఆ మాట దగ్గరికొచ్చేసరికి అందరికీ వేరే పని గుర్తొచ్చేది.

కొందరికి ఆ గదిలోంచి చుట్ట వాసన వచ్చిందట. ఒకాయన చీకట్లో ఎర్రగా నిప్పు వెలిగి ఆరడం కూడా చూశాడు. ఇంటికెళ్ళి జ్వరంతో పడుకుని, లేచాక ఇంకా పెద్దది చేసి చెప్పాడు.

నిజానికి గాడిదలు అక్కడ పగలు కూడా ఆగేవి. పగలు ఆగితే గాడిద బుద్ధి అనేవాళ్ళు, రాత్రి ఆగితే గుమాస్తా అనేవాళ్ళు.

అలాంటి దారిలోనే రోజూ సాయంత్రం గాడిదలని తోలేవాడు ఒకడున్నాడు. గాడిదల మేస్త్రి. గాడిదపిల్లల్ని తెచ్చి, బండికి అలవాటు చేసి అమ్మడం ఆయన పని. ముందు పక్కన నడిపించేవాడు. మనిషి అడుగుకి అలవాటుపడ్డాక మెడకీ వీపుకీ పట్టీలు కట్టి, పొడుగాటి పగ్గాలు పట్టుకుని వెనకాల నడిచేవాడు. ‘పద’ అంటే కదలాలి, ‘ఊ...’ అని సాగదీస్తే నిలవాలి. ఆ తర్వాత ఒక పాత టైరు ఈడ్పించేవాడు, వెనక చప్పుడుకి బెదరకుండా ఉండాలని. టైరు అంటే లెక్కలేకుండా పోయాకే బండి కట్టేవాడు. చేత్తో కొరడా ముట్టుకునేవాడు కాదు.

"గుర్రం బెదిరితే పరిగెడుతుంది. గాడిద బెదిరితే నిలబడి ఆలోచిస్తుంది," అనేవాడు. "తొందరపెట్టకూడదు. కానీ ఒకచోట ఒకటి నేర్చుకుందంటే మాత్రం, చచ్చేదాకా మర్చిపోదు."

ఈ మాట ఆయన గొప్ప కోసం చెప్పేవాడు. అదే ఆయన కొంప ముంచుతుందని అనుకోలేదు.

గుమాస్తా అంటే భయం లేదా మేస్త్రీ అని ఎవరైనా అడిగితే, గుండె మీద చెయ్యి పెట్టుకుని ఒక నవ్వు నవ్వేవాడు. "మనసులో కల్మషం లేనివాణ్ణి గుమాస్తా ఏం చేస్తాడు?" అనేవాడు. ఆ నవ్వు చూసి ఆయన భార్యకి గర్వంగా ఉండేది.

ఆవిణ్ణి అందరూ పట్టీలమ్మ అంటారు. గాడిదలకి కావలసిన తోలుపట్టీలు, కళ్ళ పక్కన కట్టే గంతలు, మెడ ఒరుసుకుపోకుండా పట్టీ కింద వేసే మెత్తలు — అన్నీ ఆవిడ చేతి కుట్టే. ఇంటి వసారాలో, నేల మీద తోలు ముక్కలు పరుచుకుని, బొటనవేలికి గుడ్డ చుట్టుకుని కూర్చునేది. ఒక్క గాడిద మెడ మీద పుండు పడిందని ఎవరూ ఆవిణ్ణి అన్నది లేదు.

మొగుడి మీద ఆవిడకి ఒక్క ఫిర్యాదు ఉండేది, అదీ పాతకాలంలో. చుట్ట. ఆవిడ నాన్న చుట్టలు కాల్చి కాల్చి, దగ్గి దగ్గి పోయాడు. ఆ చావు చూసొచ్చిన రోజు మొగుడి ఎదురుగా కూర్చుని ఏడ్చింది. ఆయన ఆవిడ తల మీద చెయ్యి పెట్టి, "నీ మీద ఒట్టు. ఇంక ముట్టను," అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆయన దగ్గర చుట్ట వాసన ఏనాడూ రాలేదు. రోడ్డు దుమ్ముకి గొంతు ఎండిపోతోందని పిప్పరమెంటు బిళ్ళలు చప్పరించేవాడు, ఆ వాసనే వచ్చేది. పాపం, మానుకోవడం ఎంత కష్టమైందో అని, బజారుకి వెళ్ళినప్పుడల్లా ఒక పొట్లం తనే కొనుక్కొచ్చేది.

ఆవిడకి అప్పుడప్పుడు తలనొప్పి వచ్చేది. వచ్చిందంటే మేస్త్రి పని వదిలేసి పక్కన కూర్చునేవాడు. కణతలు నొక్కుతూ, కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. పెళ్ళాం తలనొప్పికి ఏడ్చే మగవాణ్ణి ఎక్కడైనా చూశారా అని ఆవిడ ఇరుగుపొరుగు దగ్గర మురిసిపోయేది.

ఒకరోజు పొద్దున్నే రొట్టెలాయన వచ్చాడు. టౌన్లో రొట్టెల బట్టీ ఆయనది, భారీ మనిషి. మేస్త్రి దగ్గర గాడిదలు కొనేవాళ్ళలో పెద్దాయన. వసారాలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేస్త్రీ, నీ గాడిదలు నువ్వే ఉంచుకో. నేను కొన్నవన్నీ వెనక్కి తోలించేస్తాను."

పట్టీ కుడుతున్న పట్టీలమ్మ సూది ఆగిపోయింది.

"తెల్లారకముందే రొట్టెలు ఊళ్ళకి పోవాలి," అన్నాడాయన. "చీకట్లో ఆ గది దగ్గర బండి ఆగిపోతోంది. తోలేవాడు దూకి పారిపోతున్నాడు. వేడి రొట్టె అడిగినవాళ్ళకి చల్లారిన రొట్టె పోతోంది."

"అది గుమాస్తా పని. గాడిదదేం తప్పు?" అన్నాడు మేస్త్రి.

"నేనూ అలాగే అనుకున్నాను. మొన్న మా బావమరిది ఇంకెక్కడో కొన్న గాడిదతో అదే దారిన వచ్చాడు. చీకట్లోనే. ఆగలేదు." రొట్టెలాయన గొంతు తగ్గించాడు. "అంటే ఏమిటి? దెయ్యం ఆ గదిలో లేదు మేస్త్రీ... నీ గాడిదల్లో ఉంది."

మేస్త్రి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పట్టీలమ్మ లెక్క వేసుకుంది. ఈయన తోలించేస్తే పాలవాళ్ళు తోలించేస్తారు, ఆ వెనకే బట్టలు ఉతికేవాళ్ళు తోలించేస్తారు. దెయ్యం పట్టిన గాడిదలని పేరు పడ్డాక ఇంకెవరు కొంటారు? ఇద్దరి బతుకూ ఆ గాడిదల మీదే ఉంది.

"అన్నయ్యా," అంది లేచి నిలబడి, "రేపు చీకటిపడ్డాక కొత్తదాన్ని కట్టుకుని వస్తాం. మీరే బండెక్కి కూర్చోండి. ఆగకుండా పోతే?"

"ఉన్నవి ఉంచుకుంటాను. దాన్ని కూడా కొంటాను."

"ఆగితే?"

"అన్నీ తోలించేస్తాను. ఎందుకు తోలించానో పదిమందికీ చెబుతాను."

కొత్త గాడిద పేరు జడ్జి. ఏ పని చెప్పినా చెవులు వెనక్కి పెట్టుకుని, చాలాసేపు విచారించి గానీ తీర్పు ఇవ్వదని మేస్త్రే ఆ పేరు పెట్టాడు. బుద్ధిమంతురాలు.

మర్నాటి పొద్దున మేస్త్రికి కాలు మడతపడింది. ఎక్కడ పడ్డావంటే పశువుల పాకలో అన్నాడు. కాసేపటికి గుమ్మంలో అన్నాడు. వాపు కనబడలేదు గానీ, ముట్టుకుంటే మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. పట్టీలమ్మ గుడ్డ చుట్టి కట్టు కట్టింది.

"బండి నేను తోలుకెళ్తాను," అంది.

"వద్దే!" ఆయన నిజంగానే వణికిపోయాడు. "ఆ దారి వద్దు. చీకట్లో అసలే వద్దు. పోతే పోనీ ఆ రొట్టెలాయన..."

"నాకేమైనా అవుతుందనా నీ భయం?"

ఆయన ఆవిడ చేయి పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. నా మీద ఎంత ప్రాణమో అనుకుంది పట్టీలమ్మ. ఆ ధైర్యంతోనే బండెక్కింది.

గది తగలకుండా, పొద్దుండగానే చుట్టుదారిన టౌను చేరింది. చీకటిపడ్డాక టౌను చివర రొట్టెలాయన ఎక్కాడు. బండి ఒక పక్కకి ఒరిగింది. ఆయన చేతిలో లాంతరు ఉంది. మొదట చాలా మాట్లాడాడు — పిండి ధర, కట్టెల ధర, మనుషుల్లో నిజాయితీ లేకపోవడం. క్వారీ మలుపు దగ్గరపడేకొద్దీ మాటలు తగ్గాయి... ఆగిపోయాయి. ఇంక గిట్టల చప్పుడూ చక్రాల చప్పుడూ మాత్రమే మిగిలాయి.

"అదేనా?" అన్నాడు గుసగుసగా.

అదే. చీకట్లో ఇంకా నల్లగా, నోరు తెరుచుకుని ఉంది కాటా గది.

పట్టీలమ్మ పగ్గం వదులుగా పట్టుకుంది. బిగిస్తే ఆగమన్నట్టు అవుతుంది. "పద... పద జడ్జీ... నా తల్లివి కదూ..."

జడ్జి చెవులు నిటారుగా లేచాయి. నడక తగ్గింది. రోడ్డు మధ్యలోంచి నెమ్మదిగా పక్కకి జరిగింది... ఎవరో కళ్ళెం పట్టుకుని నడిపిస్తున్నట్టు... గుమ్మానికి ఎదురుగా, బండి మెట్టు సరిగ్గా రాతిబల్ల పక్కకి వచ్చేలా —

ఆగిపోయింది.

"పద," అంది పట్టీలమ్మ. కదల్లేదు.

"పదవే!" కదల్లేదు.

అప్పుడొచ్చింది వాసన. సన్నగా, పాతగా... చుట్ట వాసన. ఆవిడ నాన్న గదిలో వాసన అది, చచ్చేదాకా మర్చిపోలేని వాసన. ఉన్నట్టుండి గాలి విసిరింది. లాంతరు ఆరిపోయింది.

రొట్టెలాయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "అయ్యా గుమాస్తాగారూ..." గొంతు పీలగా వచ్చింది. అంత శరీరంలోంచి అంత చిన్న గొంతు వస్తుందని ఎవరూ అనుకోరు. "పిండి తగ్గిస్తున్న మాట నిజమే... ఈస్టు ఎక్కువేసి పొంగిస్తున్న మాట కూడా నిజమే... పైకి పెద్దగా ఉంటుంది, లోపలంతా గాలే... రేపటి నుంచి నిండు తూకం ఇస్తాను... నన్నొదిలెయ్యండి..."

పట్టీలమ్మకి అదేం చెవికెక్కలేదు. పోయాం, బతుకుతెరువు పోయింది — అదే మనసులో తిరుగుతోంది. కళ్ళెం పట్టి నడిపిస్తేనన్నా వస్తుందేమోనని దిగింది. తడుముకుంటూ ముందుకి పోయింది.

చేతి మీద ఏదో పడింది. వెచ్చగా... తడిగా... అరచెయ్యంతా వెతుకుతోంది.

కెవ్వుమనబోయి ఆపుకుంది. జడ్జి మూతి అది. దేనికోసమో చేతిలో వెతుక్కుంటోంది.

"ఏం కావాలే నీకు?" అంటూ అగ్గిపెట్టె తీసి పుల్ల గీసింది. పుల్ల సర్రుమని అంటుకోగానే గాడిద బెదురుతుందేమోనని భయపడింది. జడ్జి బెదరలేదు. హాయిగా నిట్టూర్చింది. వెనకకాలు ఒకటి మడిచి, చెవులు పక్కకి వాల్చేసింది. ఇంక కాసేపు పనేం లేదన్నట్టు కళ్ళు కూడా మూసింది.

పట్టీలమ్మ చేతిలో పుల్ల కాలుతోంది. గాడిదకి ఎదురుగా అగ్గిపుల్ల గీసి, అది జడవకుండా ఉండాలంటే ఎన్ని సాయంత్రాలు గీసి ఉండాలి? ఎవరు గీసి ఉండాలి?

ఆవిడ మెల్లగా బల్ల వైపు తిరిగింది.

బల్ల కింద, కాల్చి పారేసిన చుట్ట పీకలు. కుప్ప. పక్కనే పిప్పరమెంటు కాగితాలు, ఆవిడ బజారు నుంచి తెచ్చే రకమే. గోడ సందులో సగం ఖాళీ అయిన పొట్లం, మొన్న తెచ్చిందే. ఇంక బల్ల మీద... ఎర్రగుడ్డతో కుట్టిన ఒక మెత్త. మనిషి కూర్చుని కూర్చుని మధ్యలో గుంటపడింది.

అంచు చుట్టూ రెండు వరసల కుట్టు. మూలన దారాన్ని వెనక్కి తిప్పి వేసిన ముడి. ఆ ముడి ఈ చుట్టుపక్కల ఇంకెవరూ వెయ్యరు. ఎలుకలు ఎత్తుకుపోయాయని మొగుడు చెప్పిన మెత్త అది.

పుల్ల వేలిని కాల్చింది. చీకటి.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. తర్వాత, తల మీద ఆ రోజు పెట్టిన చెయ్యి గుర్తొచ్చి, ఏడుపొచ్చింది. ఆ మెత్త మీదే కూలబడింది. ఒక్క రోజు కాదు, ఒక్క గాడిద కాదు. ఆయన చేతిలో బండికి అలవాటుపడిన ప్రతి గాడిదకీ ‘పద’, ‘ఊ’ తర్వాత మూడో పాఠం ఇదే. ఇక్కడ ఆగాలి, చుట్ట అయ్యేదాకా నిలవాలి, చివర ఒక పిప్పరమెంటు తినాలి, అప్పుడు కదలాలి. ఒకచోట ఒకటి నేర్చుకుందంటే... చచ్చేదాకా మర్చిపోదు.

తన తలనొప్పులన్నీ వరసగా గుర్తొచ్చాయి. కణతలు నొక్కుతూ ఆయన పెట్టుకున్న కన్నీళ్ళు కూడా గుర్తొచ్చాయి. ప్రేమే, కాదనడానికి లేదు. కానీ అందులో ఇంత పొగ ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదు.

కళ్ళు తుడుచుకుంది. పొట్లంలోంచి బిళ్ళ తీసి, కాగితం విప్పి, జడ్జి మూతి దగ్గర పెట్టింది.

కరకరా... కరకరా...

"చెల్లెమ్మా!" బండి మీంచి వణుకుతూ గొంతు. "ఏమిటా చప్పుడు?"

"కళ్ళు తెరవకండి అన్నయ్యా. తూకం రాళ్ళు సర్దుతున్నట్టున్నాడు."

మెత్త చంకలో పెట్టుకుని ఆవిడ బండెక్కీ ఎక్కకముందే జడ్జి కదిలింది. ‘పద’ అనాల్సిన అవసరం కూడా రాలేదు.

గది వెనకబడి చాలా దూరం పోయాక రొట్టెలాయన ముఖం మీంచి చేతులు తీశాడు. "నా తూకం సరిపోయినట్టేనా?" అన్నాడు.

"కదిలిందిగా."

"నిజమే... గాడిద తప్పేం లేదు. ఉన్నవి ఎక్కడికీ పంపను. దీన్ని నాకే ఇవ్వు." ఆరిన లాంతరు ఒళ్ళో సర్దుకుని, "మా బావమరిది బండి ఎందుకు ఆగలేదో ఇప్పుడు తెలిసింది. వాడు ఆపి తూచేంత మనిషి కూడా కాదు," అన్నాడు. తర్వాత మెల్లగా, "ఇందాక నువ్వేమైనా విన్నావా?" అన్నాడు.

"ఏమో అన్నయ్యా. గాలి హోరులో ఏం వినపడుతుంది?"

ఇంటికొచ్చేసరికి మేస్త్రి మంచం మీద, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని, కళ్ళు గుమ్మానికి అప్పగించి ఉన్నాడు.

"ఆగిందా?"

"ఆగింది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "అయిపోయాం."

"లేదు. రొట్టెలాయన దీన్నీ కొంటున్నాడు. ఉన్నవీ ఉంచుకుంటున్నాడు." ఆవిడ కుండలోంచి నీళ్ళు ముంచుకుని నెమ్మదిగా తాగింది. గ్లాసు బోర్లించింది. "గుమాస్తా మాట్లాడాడు."

"ఏంటీ?"

ఆవిడ దగ్గరికొచ్చి, చెవిలో చెప్పింది. "‘ఇవాళ మేస్త్రి రాలేదేం?’ అని అడిగాడు."

మేస్త్రి మంచం మీంచి దూకాడు. మడతపడిన కాలి మీదే దూకాడు. "అడగడానికి అక్కడెవరున్నారే! ఎవరూ అటు రాకుండా ఉండాలని ఆ గుమాస్తా కథ కట్టిందే నేను—"

అని, ఆగిపోయాడు.

పట్టీలమ్మ చంకలోని ఎర్రమెత్త తీసి మంచం మీద పెట్టింది.

"ఎలుకలన్నావు. పెద్ద ఎలుకే."

ఆయన మెత్తనీ చూడలేక, పెళ్ళాన్నీ చూడలేక, తన కాళ్ళు చూసుకున్నాడు. రెండూ బాగానే నిలబడి ఉన్నాయి.

"నీకు తలనొప్పి వచ్చినప్పుడల్లా మానేశానే," అన్నాడు. "నిజంగా మానేశాను. నీకు తగ్గాక... మళ్ళీ..."

"కాల్చినందుక్కూడా కాదయ్యా." ఆవిడ మెత్త మీది దుమ్ము దులిపింది. "ఆ బిళ్ళలు నా చేత కొనిపించావు చూడు. అదీ నాకు బాధ."

ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. ఆవిడ దీపం తగ్గించబోతే, "ఉండనీ," అన్నాడు. కాసేపటికి, వినీవినపడకుండా, "అడిగింది ఎవరే?" అన్నాడు.

"నాకేం తెలుసు? కథ కట్టింది నువ్వు. నువ్వే చెప్పాలి."

నిజంగా ఎవరైనా అడిగారా లేదా అన్నది ఆవిడ ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఎంతమంది అడిగినా నవ్వి ఊరుకుంటుంది.

మేస్త్రి మాత్రం ఆ రాత్రి నుంచి చుట్ట ముట్టలేదు. రొట్టె బరువు పెరిగింది. రొట్టెలాయన తను ఒప్పుకున్న మాట తప్ప మిగిలిందంతా పదిమందికీ చెప్పాడు. దాంతో కాటా గది దగ్గర ఆగే గాడిదే అసలైన గాడిదని పేరొచ్చింది. ఆగని గాడిద ఉన్నవాళ్ళని జనం అదోలా చూడటం మొదలుపెట్టారు. దాని బదులు ఆగేదాన్ని ఇమ్మని మేస్త్రి ఇంటికే వచ్చేవాళ్ళు. కాబట్టి ఆ పాఠం మానడానికి వీల్లేకపోయింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం కొత్త గాడిదతో మేస్త్రి వెళ్తాడు, బండి మీద పట్టీలమ్మ ఉంటుంది. గది దగ్గర బండి ఆగుతుంది. మేస్త్రి దిగుతాడు. చుట్ట లేదు, అగ్గిపెట్టె లేదు. ఆ చీకటి గుమ్మానికి ఎదురుగా, చేతులు కట్టుకుని, చుట్ట కాలేంతసేపు ఊరికే నిలబడతాడు. లోపలికి చూడడు, వీపు కూడా చూపించడు. ఆవిడ బండి మీద తీరుబడిగా బిళ్ళ కాగితం విప్పి, గాడిదకి ఒకటి అందించమని ఆయన చేతికిచ్చి, తనొకటి నోట్లో వేసుకుంటుంది.

"ఇంక ఎక్కవయ్యా," అంటుంది. "ఇవాళ్టికి సరిపోయింది."